మెదడు ఆపరేషన్‌కు 'క్లాటింగ్ టైమ్' చీటీ చాలదు

సంపాదకులకు,

ఆపరేషన్‌కు ముందు 'బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్ నార్మల్' అన్న చీటీ ఒక్కటే చూసి ముందుకెళ్లడం మన దగ్గర ఇంకా పోలేదు. క్లాటింగ్ టైమ్, అంటే రక్తం గడ్డకట్టే సమయం, తేల్చడానికి వేలు గుచ్చి, సన్నని గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అర నిమిషానికోసారి కొంచెం విరిచి చూస్తారు. ముక్కల మధ్య దారం సాగితే గడ్డకట్టినట్టు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు (ఫ్యాక్టర్లు) బాగా అడుగంటితే తప్ప ఈ లెక్క మారదు. మెదడు విషయంలో ఇది ప్రమాదం. పొట్టలోనైతే గుడ్డ కుక్కి అదిమిపట్టొచ్చు, మెదడును అలా అదమలేం. పుర్రె సాగదు కనుక లోపల కాస్త రక్తం పేరుకున్నా ప్రాణం మీదకొస్తుంది.

ప్లేట్‌లెట్ల సంఖ్యతో పాటు, రక్తం గడ్డకట్టడంలో వేర్వేరు దశలను ల్యాబులో కొలిచే పీటీ–ఐఎన్ఆర్, ఏపీటీటీ పరీక్షలు తప్పనిసరి. సాధారణంగా ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గకుండా, ఐఎన్ఆర్ 1.4 దాటకుండా చూసుకుంటారు. ఐఎన్ఆర్, ఏపీటీటీ అంకెలైనా ఆ రక్తం పట్టే నీలం మూత ట్యూబు సరిగ్గా నింపితేనే నిజమవుతాయి. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం 0.3 మి.లీ. ఉంటే రక్తం 2.7 మి.లీ. పడాలి. గీతకు తగ్గితే సిట్రేట్ పాలు ఎక్కువై, బాగున్న రక్తం కూడా ఆలస్యంగా గడ్డకట్టినట్టు రిపోర్టొస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఎక్కిన లైన్ నుంచి తీసినా ఏపీటీటీ అమాంతం పెరిగిపోతుంది. నింపగానే మెల్లగా మూడు నాలుగు సార్లు తలకిందులు చేయాలి; కుదపకూడదు. తప్పుడు రిపోర్టును నమ్మి అక్కర్లేని ప్లాస్మా తెప్పిస్తే, మంచులా గడ్డకట్టి ఉండే ఆ సంచి కరగడానికే దాదాపు అరగంట. ఆలోగా మెదడు నలిగిపోతూ ఉంటుంది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారిలో ఈ మూడు పరీక్షలూ సరిగ్గానే ఉండొచ్చు. ప్లేట్‌లెట్లు లెక్కకు ఉంటాయి, పని చేయవు. అందుకే బంధువులు వచ్చేటప్పుడు రోగి వాడే మాత్రల పట్టీలన్నీ వెంట తేవాలి. గుండె వాల్వు మార్చుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్, ఎసిట్రోమ్ మాత్రలు ఐఎన్ఆర్‌లో బయటపడతాయి. వాటికి విరుగుడుగా విటమిన్–కె ఒక్కటే ఇస్తే గుణం కనిపించడానికి గంటలు పడుతుంది. గడ్డకట్టించే ఫ్యాక్టర్లనే నేరుగా ఎక్కించే ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ ఇంజెక్షన్ నిమిషాల్లో పనిచేస్తుంది. రోగి ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. ల్యాబులో పరీక్ష 37 డిగ్రీల దగ్గర చేస్తారు కాబట్టి ఆ లోపం రిపోర్టుకు ఎక్కదు. దుప్పటి కప్పడం కూడా వైద్యమే.

గడ్డ ఎంత త్వరగా మొదలైంది, ఎంత గట్టిపడింది, మళ్లీ కరుగుతోందా అన్నది మంచం పక్కనే గీత గీసి చూపే టీఈజీ యంత్రం మెదడు ఆపరేషన్లు చేసే ప్రతి బోధనాసుపత్రిలో ఉండాలి. రాత్రిపూట కూడా గంటలో ఐఎన్ఆర్, ఏపీటీటీ చేతికందాలి, ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ వయల్స్ నిల్వ ఉండాలి. రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ముందుగా ఒక పని చేయాలి: ఆపరేషన్ ఫారాల్లో క్లాటింగ్ టైమ్ గడి కొట్టేసి, అక్కడ ఏపీటీటీ గడి అచ్చు వేయించాలి.

– కొందరు మత్తు వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వరంగల్