మా నాన్నని గట్టెక్కించిన వాళ్లకి

ఇది ఇంటింటికీ వచ్చి చెప్పాల్సిన మాట. పరీక్షలయ్యాక వచ్చిన నాలుగు రోజులూ అమలాపురం ఆసుపత్రిలోనే గడిచిపోయాయి. అప్పటికింకా కాజ్‌వే మీద నీళ్లు దిగలేదు, గోదావరి మధ్యనున్న మన లంకలోకి రాలేకపోయాను. ఎదురుగా నిలబడితే నాకు మాట పెగలదని మీకూ తెలుసు. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, అంటే నీటిమట్టం 13.75 అడుగులు దాటిందంటే, మా లంకలో ఏం జరుగుతుందో బయటివాళ్లకి చెప్పాలి. ముందు కాజ్‌వే మునుగుతుంది. తర్వాత బెండ, వంగ తోటలు. ఆ తర్వాత అరటి మొదళ్లలోకి ఎర్రనీరు చేరుతుంది. 1986 ఆగస్టు వరద చూసిన నాన్నలాంటి వాళ్లకి ఇదేం లెక్కలోకి రాదు. "అప్పుడు గట్లే తెగిపోయాయి, ఇదీ ఓ వరదేనా" అంటూనే ఆయన గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలడానికి బయలుదేరారు. బురదలో జారి పడ్డారు. కాలు విరిగింది.

ఆ రోజు నేను హైదరాబాద్‌లో సీఏ ఫైనల్ రెండో గ్రూప్ మొదటి పేపర్ రాస్తున్నాను. మూడో ప్రయత్నం.

మీరు నాన్నని నులకమంచం మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు మంచంకోళ్ల దగ్గర భుజాలు పెట్టి, మొలలోతు నీళ్లలో రేవుదాకా మోసుకెళ్లారట. పడవ బాబాయి అంత నీటి లాగుడులోనూ ఇంజన్ పడవ తీశాడట. గట్టు మీదకి ఆటో పిలిపించింది, ఆసుపత్రిలో మూడు రాత్రులు బల్ల మీద పడుకుంది, అమ్మకి అన్నం కేరేజీ పంపింది, మా రెండు గేదెలకి గట్టు మీద పాక వేసి గడ్డి వేసింది... ఎవరెవరో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు. అడిగితే ఒక్కడూ తన పేరు చెప్పడు, పక్కవాడి పేరు చెబుతాడు.

నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు! రోజూ ఫోన్ చేస్తే అమ్మ "వరద తగ్గుతోందిరా, నాన్న గట్టు మీదున్నారు, సిగ్నల్ లేదు" అంది. మూడో పేపర్ రాసి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేశాక మావయ్య చెప్పాడు. నిజం చెప్పొద్దూ, ముందు కోపమే వచ్చింది. మా నాన్న సంగతి నాకు చెప్పకుండా దాచడానికి మీరెవరని అరిచాను. మావయ్య గట్టిగా మాట్లాడలేదు. "చెబితే ఏం చేద్దువురా? రాత్రికి రాత్రి బస్సెక్కేద్దువు. వచ్చి గట్టు మీద నిలబడి నీళ్లు చూద్దువు. ఈ పరీక్ష మళ్లీ మొదటికొచ్చేది" అన్నాడు. ఈ పరీక్ష నా ఒక్కడి గొడవ అనుకున్నాను ఇన్నాళ్లూ.

మూడేళ్లుగా కనుమకి ఊరికి రాలేదు. వెదురుతో కట్టి, దేవుణ్ణి పెట్టి, కనుమనాడు భుజాల మీద మోసే మన ప్రభకి ఫోన్‌పేలో చందా కొట్టేసి, నా వంతు అయిపోయిందనుకున్నాను. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ప్రభల తీర్థం శకటం ఢిల్లీలో వెళ్తుంటే రూములో అందరినీ పిలిచి మరీ చూపించాను. జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ప్రభలు వస్తాయని, గంగలకుర్రు ప్రభల్ని కౌశిక కాలువలో దింపి నీళ్లలోంచే మోస్తారని, పచ్చటి చేను తొక్కినా రైతు ఏమీ అనడని ఉపన్యాసం ఇచ్చాను. "మరి మీ ఊరి ప్రభకి నువ్వు వెళ్లలేదా?" అని ఒకడు అడిగాడు. క్లాసులున్నాయన్నాను. ఉన్నమాటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అది దాచి దండం పెడితే దొంగ దండం అవుతుంది. పాసైతే నేను ఊరికి వచ్చేయను. హైదరాబాదో బెంగళూరో, ఎక్కడ పని ఉంటే అక్కడే ఉంటాను. ఆ మాట నాన్నకి చెప్పాను. "నిన్నెవడు రమ్మన్నాడు, వరదలో నీకు పడవ లాగడం కూడా రాదు" అన్నారు, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని.

ఆసుపత్రి ఖర్చుకి మీలో ఎవరెంత ఇచ్చారో మావయ్య దగ్గర కాగితం ఉంది. ఈ నెలాఖరుకి సగం, సంక్రాంతికి మిగతాది ఇచ్చేస్తాను. వద్దని గొడవ చేయకండి. నా చదువే లెక్కలు కాబట్టి ప్రభ జమాఖర్చుల పుస్తకం కూడా ఈ ఏడు నాకివ్వండి, ఎక్కడున్నా చూస్తాను. కనుమకి మాత్రం తప్పకుండా వస్తాను. ముందు వైపు కాకుండా వెనక ఎక్కడో చోటివ్వండి, భుజానికి అలవాటు తప్పింది.

పడవ బాబాయ్, మా నులకమంచం ఇంకా మీ ఇంటి దగ్గరే ఉందట. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. తడిసి నులక వదులైపోయిందని అమ్మ అంటోంది, బిగించడం నాకు రాదు, మీరే చూపించాలి.