విషం లేదని తేలింది సరే, ఏ పరీక్షలో?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా మొక్క సారంలో విష లక్షణాలు లేవని ల్యాబ్‌లో తేలింది అంటూ వచ్చే వార్తల్లో ఏ పరీక్ష చేశారో, సారాన్ని దేనితో తీశారో, ఎంత మోతాదు ఎన్ని రోజులు ఇచ్చారో దాదాపు ఎప్పుడూ ఉండదు. అది చదివి ఎవరో ఒకరు అదే మొక్కతో కషాయం కాచుకుని నెలల తరబడి తాగుతారేమోనని నా టెన్షన్.

నేను కొన్నాళ్లు ఈ పరీక్షలే చేశాను. చాలామంది మొదలుపెట్టేది ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవులతో. గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి, ఆ పిల్లల్ని సారం కలిపిన ఉప్పునీళ్లలో వదిలి 24 గంటలయ్యాక ఎన్ని చచ్చాయో లెక్కపెడతాం. సగం చావడానికి మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ పడితే విషం కాదని రాసేస్తారు. తొలి వడపోతకు అది మంచి పరీక్షే, కానీ మన కాలేయానికి ఏమవుతుందో అది చెప్పదు.

కణాల మీద చేసే ఎంటీటీ పరీక్షలో ఇంకో చిక్కుంది. బతికున్న కణాలు ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి, ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క. ఒకసారి నేను మోతాదు పెంచేకొద్దీ ఊదా ఇంకా చిక్కబడింది, ఎంత సంతోషపడ్డానో. తీరా మైక్రోస్కోపులో చూస్తే కణాలన్నీ చచ్చి, ముడుచుకుపోయి పైకి తేలుతున్నాయి! కణాలు లేని వెల్స్‌లో (పరీక్ష ప్లేటులోని చిన్న గుంతల్లో) సారం, ఎంటీటీ మాత్రమే కలిపి చూశాను, అక్కడా ఊదా రంగే వచ్చింది. మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ ఆ పని కణాల సాయం లేకుండానే చేసేస్తాయి. కణాలు లేకుండా పోల్చి చూసే ఆ కంట్రోల్ పెట్టకపోయి ఉంటే "సురక్షితం" అని నేనే రాసి ఉండేదాన్ని.

మెథనాల్ అనే ఆల్కహాల్‌తో తీసిన సారం వేరు, నీళ్లలో మరిగించింది వేరు. ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకూడదు.

ఎలుకలకు కిలో బరువుకు 2000 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇచ్చి 14 రోజులు చూసే పరీక్ష కూడా అంతే, అది చెప్పేది అప్పటికప్పుడు జరిగే హాని గురించే. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయి, వాడినవాళ్లలో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అది నెలల తరబడి వాడకంతో బయటపడిన విషం.

క్యాన్సర్ కణాలను చంపింది అని రాసేటప్పుడు కూడా, అదే మోతాదు మామూలు కణాలను ఏం చేసిందో అడగండి.

"నీళ్లతో తీసిన సారం, ఎలుకల మీద, 28 రోజులు, ఇంత మోతాదు వరకు" అని ఒక్క వాక్యం వేసినా చాలు. పరిశోధకులు ఆ వివరాలు ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదని వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు