మా చిన్నోడి డేకేర్ వెనక ఉన్నవాళ్లకు

నిన్నటితో మా చిన్నోడి డేకేర్ అయిపోయింది. సోమవారం నుంచి ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి. డేకేర్‌లో వాడి పేరు రాసున్న అరలోంచి స్పేర్ బట్టలు, చిన్న దుప్పటి, ఒంటి సాక్సు తెచ్చుకున్నాం. రెండో సాక్సు పదహారు నెలలైనా దొరకలేదు. కారెక్కాక నాకు ఏడుపు ఆగలేదు. "వాడు బడికెళ్తున్నాడు, అత్తారింటికి కాదు" అని మా ఆయన నవ్వించబోయారు గానీ, ఆయన గొంతూ సరిగ్గా లేదు.

వాడి డేకేర్ ఫీజుకి మాకు సర్కారు సబ్సిడీ అందేలా సాయపడ్డవాళ్లకి నమస్కారం చెప్పే ఈ పోస్టు ఏడాది కిందటే రాయాల్సింది. "సర్కారు సాయం తీసుకున్నారట" అని నలుగురూ అనుకుంటారేమోనని సిగ్గుపడి ఆగాను. ఇవాళ రాస్తున్నాను. పేర్లు వద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయట్లేదు.

ముందు మా ఇంటి లెక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మేం ఉండేది డాలస్ శివార్లలో. అమెరికాలో తెలుగువాళ్లంటే ఐటీ అనుకుంటారు. మాది ఆ ఇల్లు కాదు. మా ఆయనకి గ్యాస్ స్టేషన్‌లో వారానికి 30 గంటల నైట్ షిఫ్ట్. నాకు ఫార్మసీలో టెక్నీషియన్‌గా 32 గంటలు. ఇద్దరిదీ కలిపి పన్నులు కోయకముందు ఏడాదికి 46 వేల డాలర్లు. రెండేళ్ల పిల్లాడికి దగ్గర్లోని డేకేర్‌లో అడిగితే నెలకు 1,150 అన్నారు. నెలకు నా చేతికొచ్చేదే 2,000 చిల్లర. ఇంకా ఉద్యోగం మానేయలేదేం అని అడిగినవాళ్లున్నారు. మానేస్తే అద్దె ఎవరు కడతారు?

మన ఇళ్లలో దీనికి ఒక పాత మందుంది కదా, ఆర్నెల్లు అత్తయ్యగారు, ఆర్నెల్లు అమ్మ. విజిటర్ వీసా మీద దిగే అమ్మమ్మలూ నాయనమ్మలే మన డేకేర్. మా పాప అలాగే పెరిగింది. బాబు పుట్టేసరికి అత్తయ్యగారు లేరు. అమ్మ 2023 ఏప్రిల్‌లో మోకాలి ఆపరేషన్‌కని వెళ్లిపోయింది, ఇక రాలేనంది. తర్వాత ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఒకావిడ దగ్గర దింపాం. రెండు నెలలు బాగానే గడిచింది. ఇండియాలో పెళ్లి ఉందని రెండు రోజుల ముందు చెప్పి, మూడు నెలలకు ఆవిడా విమానం ఎక్కేశారు. తప్పుపట్టడానికేముంది? లైసెన్సూ లేదు, రాతకోతలూ లేవు, నమ్మకం మీద నడిచిన బేరం.

ఇక మిగిలింది మా ఆయన. పొద్దున ఆరున్నరకి డ్యూటీ దిగి వచ్చి, నేను ఎనిమిదింటికి వెళ్లాక, నిద్ర ఆపుకుంటూ బాబుని చూసుకునేవారు. ఆ వేసవిలో ఒకరోజు లంచ్ టైంలో పాప వీడియో కాల్ చేసింది. తెరమీద సోఫాలో మా ఆయన, ఆయన గుండెలమీద చిన్నోడు. వాడు రెండు వేళ్లతో నాన్న కనురెప్ప పైకెత్తి, "లేచావా నాన్నా?" అని అడుగుతున్నాడు. వదిలితే రెప్ప మూసుకుపోతోంది. మళ్లీ ఎత్తుతున్నాడు. పాప పకపకా నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి వీధి తలుపు దగ్గర డైనింగ్ కుర్చీ ఉంది. చిన్నోడు గడియ అందుకోవడానికి లాక్కెళ్లాడట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి నమస్కారం నా పక్క కౌంటర్‌లో పనిచేసే మెక్సికో ఆవిడకి. మర్నాడు నా మొహం చూసి ఏమైందని అడిగింది. విని, "మీ ఇద్దరూ పనిచేస్తున్నారు, మరి చైల్డ్ కేర్ సబ్సిడీకి ఎందుకు పెట్టుకోలేదు? నా ముగ్గురూ దానిమీదే పెరిగారు" అంది. అలాంటిదొకటి ఉందని నాకు అంతకుముందే తెలుసు. ఏడాది కిందట మాకు తెలిసిన ఒక వాట్సాప్ గ్రూపులో అడిగితే, "అది తీసుకుంటే పబ్లిక్ చార్జ్ కింద, అంటే సర్కారు మీద ఆధారపడి బతికేవాళ్ల కింద రాసుకుంటారు, రేపు సిటిజన్‌షిప్ ఇవ్వరు" అని ఒకాయన ధీమాగా చెప్పాడు. నోరు మూసుకున్నాను. ఆ ఒక్క మెసేజీకి మాకు పట్టిన ఖర్చు ఒక ఏడాది.

రెండో నమస్కారం బాబాయిగారికి. చుట్టరికం లేదు, గుడిలో పరిచయం. రిటైరయ్యాక వీటా కార్యక్రమంలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఉచితంగా ట్యాక్స్ రిటర్నులు వేసిపెడుతుంటారు. ఆయన్ని అడిగితే నవ్వలేదు, తిట్టలేదు, మూడు ముక్కల్లో చెప్పారు. "అమ్మాయ్, ఒకటి, 2022లో వచ్చిన రూలు ప్రకారం పబ్లిక్ చార్జ్‌లో చూసేది నెలనెలా చేతికిచ్చే నగదు సాయం, సర్కారు ఖర్చుతో చాలాకాలం నర్సింగ్ హోమ్ లాంటి సంస్థల్లో ఉండటం. పిల్లల డేకేర్ సాయం అందులో లేదు. రెండు, మీకు గ్రీన్‌కార్డు వచ్చేసింది, సిటిజన్‌షిప్‌కి పబ్లిక్ చార్జ్ పరీక్షే లేదు. మూడు, ఈ సాయం పిల్లాడిది. వాళ్లు చూసేది వాడి స్టేటస్. వాడు ఇక్కడే పుట్టాడు." గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రానివాళ్లు మాత్రం ఎవరి మాటా పట్టుకోకుండా, నా మాట కూడా పట్టుకోకుండా, అప్లై చేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి. బాబాయిగారు చెప్పింది 2023 నాటి మాట, ఈ రూల్స్ మారుతుంటాయి.

ఆ రాత్రి బాబాయిగారు చెప్పింది విని నాకు సగం భయం పోయింది, మిగతా సగం అప్లికేషన్‌తో వచ్చింది.

ఈ సబ్సిడీ డబ్బు చాలావరకు కేంద్రానిది. 1990 నాటి చట్టం కింద రాష్ట్రాలకు ఇస్తారు, రాష్ట్రాలు తమ పద్ధతిలో నడుపుకుంటాయి. పిల్లల వయసు 13 లోపు ఉండాలి. అంటే స్కూల్ వదిలాక మా పాపని చూసుకోవడానికీ వర్తిస్తుంది, ఆ సంగతి చాలామందికి తెలీదు. కుటుంబ ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో (సగం ఇళ్లకి అంతకంటే ఎక్కువ, సగం ఇళ్లకి తక్కువ ఉండే ఆదాయం) 85 శాతం దాటకూడదు, ఆ లోపల గీత ఎక్కడ గీయాలో రాష్ట్రం ఇష్టం. తల్లిదండ్రులు పనిచేస్తూనో, చదువుకుంటూనో ఉండాలి. టెక్సస్‌లో ఇద్దరున్న ఇంట్లో ఇద్దరివీ కలిపి వారానికి 50 గంటలు, ఒక్కరే ఉంటే 25. ఇంట్లో ఒకరు హెచ్4 మీద (హెచ్1బి ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) పనీ చదువూ లేకుండా ఉంటే ఇది దొరకదు, ఆ ఆశ పెట్టుకోకండి. పేదింటి చిన్నపిల్లల కోసం కేంద్రం నడిపించే హెడ్ స్టార్ట్ బడి అయితే మొత్తం ఉచితం గానీ, దానికి సాధారణంగా ఆదాయం పేదరిక రేఖ లోపు ఉండాలి. నలుగురున్న ఇంటికి 2023లో ఆ రేఖ 30 వేల డాలర్లు. మేం దాని పైన, డేకేర్ ఫీజుకి కింద. మాలాంటి వాళ్లకే ఈ సబ్సిడీ.

మొదటిసారి అప్లికేషన్ నా తప్పు వల్లే మూసేశారు. ఇంకో రెండు పే స్టబ్బులు (జీతం చీటీలు) కావాలని మెయిల్ పంపారట, అది స్పామ్‌లో పడింది. నేను చూసేసరికి గడువు దాటిపోయింది. ఏడ్చాను. మా ఆయన "మనకు రాసిపెట్టి లేదులే" అన్నారు. ఇక్కడ మళ్లీ మెక్సికో ఆవిడే. ఆదివారం మా ఇంటికొచ్చి, పే స్టబ్బులన్నీ పెట్టమంది. అవి దేవుడి గూట్లో, హారతి కర్పూరం డబ్బా కింద కవర్లో ఉన్నాయి. డైనింగ్ టేబుల్ మీద తారీఖుల వరసలో పేకముక్కల్లా పరిచింది. అప్పుడు తెలిసింది, మా ఆయనవి మధ్యలో ఒక వారానివి లేవు. నావాటిమీద పసుపు మరక. "మరక ఫర్వాలేదు, నంబరు కనిపిస్తే చాలు, వారం ఎగిరిపోతేనే కష్టం" అంది. గ్యాస్ స్టేషన్ ఓనరుగారు ఆ వారం స్టబ్బు మళ్లీ తీసి, గంటలు రాసిన లెటర్ మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఆయనకీ నా నమస్కారాలు. బర్త్ సర్టిఫికెట్, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, అన్నీ లైబ్రరీ స్కానర్ మీద చేశాం. 2023 అక్టోబర్‌లో రెండోసారి పంపాం.

తర్వాత వెయిటింగ్ లిస్ట్. ఈ మాట దాచను. అర్హత ఉన్నంత మాత్రాన రేపే డబ్బు రాదు. ఆర్నెల్లు ఆగాం. ఆ ఆర్నెల్లూ పక్కింటి వదిన పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా చిన్నోడిని తన దగ్గర పడుకోబెట్టుకుంది, మా ఆయన ఆ మూడు గంటలు నిద్రపోవడానికి. డబ్బులిస్తే కోప్పడింది. వదినా, నీ రుణం ఈ ఒక్క పేరాతో తీరదు.

2024 ఏప్రిల్‌లో ఫోన్ వచ్చింది. ఫోన్‌లో ఉన్న కేస్ వర్కర్ మా అవసరం విని, మేం అడగని విషయం కూడా చెప్పారు. నచ్చిన డేకేర్ మనమే ఎంచుకోవచ్చు, సబ్సిడీ పిల్లలను తీసుకునేదై ఉంటే చాలు, పెద్ద సెంటరే అక్కర్లేదు, లైసెన్స్ ఉన్న ఇంటి డేకేర్ అయినా సరే. ఒకసారి వచ్చాక కనీసం 12 నెలలు ఆగదట. జీతం కాస్త పెరిగినా, 85 శాతం గీత దాటనంతవరకు తీసేయరు. మధ్యలో ఉద్యోగం పోయినా, వెతుక్కోవడానికి కనీసం మూడు నెలలు ఇస్తారు. ఈ చివరిమాట విన్నాక మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అలా వాలి ఎన్నాళ్లయిందో.

మా వాటా నెలకు 230 డాలర్లు అయింది. 1,150కి బదులు 230. మిగతాది నేరుగా డేకేర్‌కే వెళ్తుంది, మన చేతికి రాదు. ఆ నెలాఖరు నుంచే కొత్త కేంద్ర నిబంధన అమల్లోకి వచ్చింది, తల్లిదండ్రుల వాటా కుటుంబ ఆదాయంలో 7 శాతం దాటకూడదని. మాది ఆ లోపే ఉంది. మా డేకేర్‌లో రోజూ దింపేటప్పుడు, తీసుకెళ్లేటప్పుడు హాజరు నమోదు చేయాలి, అది మర్చిపోతే తలనొప్పి. నేను రెండుసార్లు మర్చిపోయాను. డైరెక్టరమ్మ రెండుసార్లూ పార్కింగ్ లాట్ దాకా పరిగెత్తుకొచ్చి వెనక్కి పిలిచారు.

ఇక టీచరమ్మ. మావాడికి తెలుగు తప్ప ఏదీ రాదు. మొదటి వారం నీళ్లు అడిగితే ఎవరికీ అర్థంకాక ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. నాలుగోరోజు ఆవిడ నన్ను ఆపి, పసుపు రంగు చీటీ, పెన్ను చేతిలో పెట్టారు. "వాడు రోజూ అనే మాటలు, ఇంగ్లీష్ అక్షరాల్లో రాయండి" అన్నారు. నీళ్లు, పాలు, ఉచ్చ, అమ్మ వస్తుంది. నాలుగే రాశాను, వెనక కస్టమర్‌లా ఇంకో తల్లి నిలబడింది మరి. ఆ చీటీ వాడి అరకి అంటించుకున్నారు. మర్నాడు నేను వెళ్లేసరికి, ఏడుస్తున్న వాణ్ని ఎత్తుకుని "అమ్మ వస్తుంది, అమ్మ వస్తుంది" అంటున్నారు. యాస ఘోరం. వాడు ఏడుపు ఆపేసి, ఆవిడ నోటివైపే చూస్తున్నాడు.

ట్యాక్సుల సమయంలో బాబాయిగారు ఇంకోటి చెప్పారు. మేం కట్టిన వాటాని, పిల్లల్ని చూసుకునే ఖర్చుకి పన్ను తగ్గింపు అడిగే ఫారం 2441లో చూపించుకోవచ్చు, డేకేర్ వాళ్ల ట్యాక్స్ నంబరు అడిగి తెచ్చుకోవాలి. ప్రభుత్వం కట్టిన భాగం చూపించకూడదు, మన జేబులోంచి పోయిందే. రశీదులు దాచుకోండి. మేం దాచలేదు, డేకేర్‌లో అడిగితే ఏడాదంతటికీ ఒక కాగితం మీద ఇచ్చారు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లు మీ ప్రాంతంలో ఈ సబ్సిడీ చూసే వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ వాళ్లని అడగండి, ఎవరో తెలీకపోతే 211 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చెప్తారు. వేరే రాష్ట్రమైతే చైల్డ్‌కేర్ డాట్ గవ్ సైట్‌లో మీ రాష్ట్రం నొక్కితే ఎక్కడ అప్లై చేయాలో వస్తుంది. పే స్టబ్బులు పారేయకండి. స్పామ్ చూసుకుంటుండండి. వెయిటింగ్ లిస్ట్ ఉందని తెలిస్తే, అప్లికేషన్ ఇవాళే పెట్టండి.

ప్రీ-కే సంగతి చెప్పలేదు కదా. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఆదాయం తక్కువైన పిల్లలకు పబ్లిక్ స్కూల్లో ఉచిత ప్రీ-కే ఉంది. ఇంగ్లీష్ రాని పిల్లలకి, అమ్మానాన్నల జీతంతో పనిలేకుండా, అదే అర్హత. ఐటీ ఇళ్లవాళ్లు కూడా ఈ ముక్క చదవండి. మా చిన్నోడికి మేలో పరీక్ష పెట్టారు. ఒకావిడ బొమ్మలు చూపిస్తూ ఇదేంటి అని అడుగుతున్నారు. బంతి, అన్నాడు. పిల్లి, అన్నాడు. చెట్టు, అన్నాడు. అన్నీ కరెక్టే, ఒక్కటీ లెక్కలోకి రాలేదు. ఆవిడ రాసుకుంటుంటే, ఈవిడకి ఇవి కూడా తెలీదా అన్నట్టు నావైపు తిరిగి చూశాడు. సీటు వచ్చింది.

నిన్న వచ్చేటప్పుడు టీచరమ్మ అర తలుపు మీదనుంచి ఆ పసుపు చీటీ ఊడదీసి నాకివ్వబోయి, మళ్లీ ఆగారు. వచ్చేవారం ఇంకో తెలుగు పాప చేరుతోందట. ఉంచుకోమన్నాను. చీటీ కింద ఇంకో రెండు మాటలు రాసిచ్చాను: అన్నం, ఎత్తుకో.