రెండో ఆపరేషన్ బరువు తగ్గడానికి కాదు: తిరస్కరించిన నా క్లెయిమ్ గురించి

క్లెయిమ్స్ విభాగం అధికారి గారికి,

విషయం: రివిజన్ సర్జరీ (మొదటి ఆపరేషన్‌ను సరిచేసే రెండో ఆపరేషన్) క్లెయిమ్‌ను మళ్ళీ పరిశీలించాలని ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

బరువు తగ్గించే సర్జరీకి పాలసీ ఒక్కసారే వర్తిస్తుందని, ఇది రెండోసారి కాబట్టి చెల్లించలేమని మీరు రాశారు. పాలసీలో ఆ షరతు ఉంది, నేను కాదనడం లేదు. కానీ నేను రెండోసారి ఆపరేషన్ చేయించుకున్నది బరువు కోసం కాదు. అప్పటికే తగ్గాల్సినదానికంటే ఎక్కువ తగ్గిపోయాను. గుక్కెడు నీళ్ళు కడుపులో నిలవక చేయించుకున్నాను.

మొదటిది స్లీవ్ సర్జరీ. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. దానికి మీరు చెల్లించారు, అందుకు కృతజ్ఞతలు. మొదటి నెల బాగానే గడిచింది. మెత్తటి ఆహారం మొదలుపెట్టాక రెండు చెంచాలు తింటే చాలు, ఛాతీలో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. కాసేపటికి నోట్లో నురగ, ఆ వెంటనే వాంతి. ఆత్రంగా తింటున్నావేమో, బాగా నమలమని అందరూ అన్నారు. తప్పు నాదేనని నేనూ నమ్మాను. గడియారం ఎదురుగా పెట్టుకుని, ముద్దకూ ముద్దకూ మధ్య నిమిషాలు లెక్కపెట్టుకుని తిన్నాను. ఆ తర్వాత నీళ్ళు కూడా తిరిగి రావడం మొదలైంది.

మందు తాగించి ఎక్స్‌రేలు తీస్తే అసలు సంగతి తెలిసింది. ఆ గొట్టం వంపు దగ్గర బాగా సన్నబడింది. దాన్ని స్ట్రిక్చర్ అంటారట. ఎండోస్కోపీలో బెలూన్ పంపించి మూడుసార్లు వెడల్పు చేశారు. ప్రతిసారీ కొన్ని రోజులు ప్రాణం తెరిపిన పడేది, మళ్ళీ మొదటికే వచ్చేది. దారి మూసుకుపోతుంటే యాసిడ్ పైకి తన్నేది. పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వచ్చి ఉక్కిరిబిక్కిరై లేచేదాన్ని. రెండు నెలలు కుర్చీలోనే నిద్రపోయాను. అన్నవాహికలో పుళ్ళు పడ్డాయి. ఆ రిపోర్టు మీ దగ్గర ఉంది.

నాకు ఎక్కువ భయం వేసింది వాంతుల వల్ల బి1 విటమిన్ పడిపోయినప్పుడు. పాదాలు మొద్దుబారి, నడుస్తుంటే తూలిపోయేదాన్ని. అది మరీ తగ్గితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చని డాక్టర్ గారు చెప్పారు. గ్లూకోజ్ పెట్టే ముందే ఆ విటమిన్ ఎక్కించాలని ఆయన నర్సుకు గట్టిగా చెప్పడం నా చెవిన పడింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

బెలూన్ పనిచేయకపోవడంతో స్లీవ్‌ను బైపాస్‌గా మార్చారు. సన్నబడిన చోటికి పైన చిన్న సంచి చేసి, దానికి నేరుగా చిన్న పేగు కలిపారు. తిన్నది ఇప్పుడు ఆ ఇరుకులోంచి పోనక్కర్లేదు, యాసిడ్ కూడా మునుపటిలా పైకి రాదు. బరువు మళ్ళీ పెరిగినవాళ్ళకు కూడా ఇదే సర్జరీ చేస్తారు, దాని పేరు కూడా ఇదే. మీవాళ్ళు పేరు చూశారు గానీ కారణం చూడలేదు.

మూడుసార్లు చేసిన బెలూన్ చికిత్సకు మీరే డబ్బు చెల్లించారు. అంటే ఆ స్ట్రిక్చర్‌ను జబ్బుగా మీరు ఒప్పుకున్నట్టే కదా. అదే జబ్బుకు తర్వాతి చికిత్స బరువు తగ్గించే సర్జరీ ఎలా అవుతుంది? నేను ఫోన్‌లో మూడుసార్లు అడిగాను, ఎవరూ జవాబు చెప్పలేదు.

అనుమతి కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఆరు నెలల డైట్ రికార్డు పంపమన్నారు. అప్పుడు నేను సెలైన్ మీద ఉన్నాను. ఇంకోసారి మీ ఉద్యోగి ఒకరు, "మొదటి సర్జరీ మీరు కోరి చేయించుకున్నదే కదా" అన్నారు. అవును, షుగరు, మోకాళ్ళ నొప్పులు భరించలేక, డాక్టర్ల సలహా మీద, మీ అనుమతితోనే చేయించుకున్నాను. స్ట్రిక్చర్‌ను మాత్రం కోరుకోలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతోంది. మంచం మీద ఉన్న ఇంకెవరితోనూ అలా అనవద్దని వాళ్ళకు చెప్పండి.

నా ఫైలును బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ తెలిసిన డాక్టరుతో చదివించండి. అప్పుడు కూడా కాదంటే, స్ట్రిక్చర్ చికిత్సకు పాలసీ ఏ నిబంధన ప్రకారం వర్తించదో రాతపూర్వకంగా తెలియజేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే మీ పైనున్న ఫిర్యాదుల అధికారికి రాస్తాను.

సర్జరీ అయి నాలుగు నెలలైంది. బి12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. కొన్ని నొప్పి మాత్రలు ఇక వేసుకోకూడదు, పేగు కలిపిన చోట పుండు పడే ప్రమాదం ఉందట. అయినా మంచం మీద వెల్లకిలా పడుకోగలుగుతున్నాను, దాహమేస్తే నీళ్ళు తాగగలుగుతున్నాను. ఈ సర్జరీ నాకు ఇచ్చింది ఇదే. మీ ఫైలులో కారణం దగ్గర ఇదే రాయాలి.

ఎక్స్‌రే, ఎండోస్కోపీ రిపోర్టులు, రెండు డిశ్చార్జ్ సమ్మరీలు, సర్జన్ గారి ఉత్తరం జతచేశాను.

ఇట్లు,
మీ పాలసీదారు