కిటికీ పక్క అర గురించి

అందరికీ నమస్కారం. మూడు నెలల కిందట మన షాపులో కిటికీ పక్కనున్న అర ఖాళీ చేసి, స్టీమ్‌పంక్ పుస్తకాలు సర్దాను. ఇరవై రెండు తెప్పిస్తే ఇప్పటికి ఆరు అమ్ముడయ్యాయి. అద్దెకు తీసుకెళ్లినవాళ్లలో ఎక్కువమంది సగం కూడా చదవకుండా తిరిగిచ్చేశారు. ఎవరికి ఏది ముందు ఇవ్వాలో చూసుకోకుండా ఇచ్చాను. ఆ పొరపాటు నాదే.

"అసలు స్టీమ్‌పంక్ అంటే ఏంటి?" అని కౌంటర్ దగ్గర రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. కరెంటూ పెట్రోలూ వచ్చి ఆవిరి ఇంజన్‌ని పక్కకు నెట్టేశాయి కదా. అలా జరక్కుండా ఆవిరి యంత్రాలే పెరిగి పెరిగి, ఓడలూ విమానాలూ లెక్కలు కట్టే మిషన్లూ అన్నీ వాటితోనే నడిస్తే ప్రపంచం ఎలా ఉండేది? ఆ ఊహ మీద అల్లిన కథలివి. కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత 1987లో 'లోకస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో ఈ పేరు పెట్టాడు. తనూ, టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ రాస్తున్న కథలకు ఒక పేరుండాలని ఆయన తాపత్రయం.

నేను చేసిన పొరపాటు ఏంటంటే, అడిగిన ప్రతివాళ్ల చేతిలో 'ది డిఫరెన్స్ ఇంజిన్' పెట్టాను. విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి రాసి 1990లో అచ్చువేసిన నవల. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు గణితవేత్త చార్లెస్ బాబేజ్ గీసిన లెక్కల యంత్రం నిజంగానే తయారై, 1855 నాటికే లండన్ కంప్యూటర్ల నగరం అయిపోయిందని కథ. నాకు ప్రాణం. బాబేజ్ బతికుండగా పూర్తికాని యంత్రాన్ని, ఆయన గీతలే పట్టుకుని, లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో తయారుచేస్తే అది తప్పు లేకుండా లెక్కలు కట్టింది. ఆ సంగతి తెలిశాక నవల ఇంకా నచ్చింది. కానీ ఇంగ్లండ్ చరిత్ర కొంత తెలియకపోతే మొదటి వంద పేజీలు దాటడం కష్టం. మొదటి పుస్తకంగా ఇవ్వాల్సింది కాదది.

నాకు దారి చూపించింది పుస్తకాలు బాగా తెలిసిన మనిషేం కాదు. రోజూ పేపర్ చదువుకోవడానికి వచ్చే ఒక పెద్దాయన, వయసులో ఉండగా రైల్వేలో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజన్‌కి బొగ్గేసే పని చేశారు. బాబాయ్ అని పిలుస్తాను. ఒకరోజు ఒక పుస్తకం అట్ట మీద పెద్ద ఎగిరే ఓడ బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. అట్ట నిండా ఇత్తడి పళ్లచక్రాలు. ఒక్కో చక్రం మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్లి, "ఇది దేన్నీ తిప్పట్లేదమ్మా. ఇదీ అంతే," అన్నారు. తర్వాత, "ఇంత ఇంజన్‌కి బొగ్గెవరేస్తున్నారు?" అని అడిగారు. బాయిలర్ పక్కన గాజు గొట్టంలో నీళ్ల మట్టం చూసుకుంటూ ఉండాలనీ, నీళ్లు కనిపించకపోతే ప్రాణం మీదికొచ్చినట్టేననీ చేతులు తిప్పుతూ చెప్పారు. ఆయన కుడి మోచేతి కింద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ రెండు మాటలే పట్టుకుని అర మొత్తం మళ్లీ సర్దాను. చక్రాలు ఊరికే అలంకారానికి ఉన్న పుస్తకాలు తీసేశాను. యంత్రం ఎలా నడుస్తుందో, దాని దగ్గర ఎవరు చెమటోడుస్తున్నారో చూపించేవి ఉంచాను.

కొత్తవాళ్లు ముందు సినిమా చూడండి. మేం సినిమాలు అమ్మం, అద్దెకివ్వం, అయినా చెబుతున్నాను. జపాన్ దర్శకుడు హయావో మియజాకి తీసిన యానిమేషన్ సినిమా 'కాసిల్ ఇన్ ది స్కై' (1986) పిల్లలతో కూర్చుని చూడొచ్చు. ఇందులో పజు అనే కుర్రాడు గనిలో పనిచేస్తాడు. ఆకాశంలోంచి మెల్లగా దిగుతున్న అమ్మాయిని చేతుల్లోకి అందుకుంటాడు, అంతలోనే గని లిఫ్టు నడపడానికి పరిగెత్తాలి. కింద మనుషులున్నారు మరి. మియజాకి వేల్స్ వెళ్లి అక్కడి గని కార్మికుల పోరాటం చూసొచ్చాక తీసిన సినిమా ఇది. కత్సుహిరో ఒటోమో 'స్టీమ్‌బాయ్' (2004)లో బొమ్మలు అద్భుతం, కథ కాస్త సాగుతుంది.

మార్టిన్ స్కోర్సేసి 'హ్యూగో' (2011) గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పారిస్ రైల్వే స్టేషన్లో గడియారాలకు కీ ఇస్తూ బతికే పిల్లాడు, వాళ్ల నాన్న వదిలివెళ్లిన రాసే మరబొమ్మను బాగుచేస్తాడు. అలాంటి బొమ్మ నిజంగానే ఫిలడెల్ఫియాలో, ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 1928లో వాళ్లకు చేరేటప్పటికి పాడైపోయి ఉంది, ఎవరు చేశారో సరిగ్గా తెలియదు. బాగుచేసి కీ ఇస్తే పద్యం రాసి, చివర్లో "మయార్దే మరబొమ్మ రాసినది" అని ఫ్రెంచిలో తనే రాసింది. తనను చేసిన మనిషి పేరు ఆ బొమ్మే చెప్పింది! ఈ సినిమాకు మూలమైన బ్రయాన్ సెల్జ్‌నిక్ పుస్తకం మన దగ్గరుంది. 500 పేజీలు దాటుతుంది కానీ సగానికి పైగా పెన్సిల్ బొమ్మలే. ఇంగ్లీషు కష్టమనుకునే పిల్లలు కూడా రెండు రోజుల్లో ముగించారు. ఆ పుస్తకం చదివాక వాళ్లను సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం దగ్గరకు తీసుకెళ్లండి. గంట కొట్టే ముందు గడ్డం బొమ్మ బయటికొచ్చేసరికి హాలంతా నిశ్శబ్దమైపోతుంది.

పెద్దవాళ్లు ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్‌తో మొదలుపెట్టండి. స్టీమ్‌పంక్ అనే మాట పుట్టకముందే దానికి దారి వేసినవాడు. 'ది మిస్టీరియస్ ఐలాండ్'లో కెప్టెన్ నీమో (వెర్న్ అంతకుముందు నవలలో జలాంతర్గామి నడిపినవాడు) ఎవరో బయటపడుతుంది: బుందేల్‌ఖండ్ రాజకుమారుడు దక్కర్, 1857లో ఇంగ్లీషువాళ్ల మీద కత్తి పట్టినవాడు. మన దేశం మనిషని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 'ది స్టీమ్ హౌస్' (1880)లో ఇనప ఏనుగు తొండంలోంచి పొగ వదులుతూ, రెండు ఇళ్లను లాగుతూ ఉత్తర భారతమంతా తిరుగుతుంది. అయితే 1857ని అందులో ఇంగ్లీషువాళ్ల వైపు నుంచే చూస్తాడు, కొన్నిచోట్ల మనసు చివుక్కుమంటుంది. రెంటికీ కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు ఫోన్లో పది పేజీలు చదివి, నచ్చితేనే కొనండి.

ఇవి చదివేశాక ఇంకా కావాలంటే నిసి షాల్ 'ఎవర్‌ఫెయిర్' (2016) ఇస్తాను. బెల్జియం రాజు లియోపోల్డ్ రబ్బరు కోసం కాంగోలో చేసిన ఘోరాల మధ్య ఒక స్వేచ్ఛా రాజ్యం నిలబడితే అన్న కథ. "బొగ్గెవరేస్తున్నారు?" అని బాబాయ్ అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే పుస్తకం.

ఇక లెక్కలు. ఒక పార్సిల్ వానకు తడిసి వచ్చింది. నాలుగు పుస్తకాల అంచులు ఉబ్బాయి. పంపినవాళ్లు డబ్బు తిరిగిచ్చేది లేదన్నారు. వాటిని సగం ధరకు పెట్టాను, మరకలు ముందే చూసుకోండి. నా మాట విని 'ది డిఫరెన్స్ ఇంజిన్' కొని చదవలేకపోయినవాళ్లు నెలాఖరులోగా తీసుకొస్తే, అదే ధరలో వేరే పుస్తకం ఇస్తాను. బిల్లు అక్కర్లేదు. అద్దె గడువు ఈ అరకు మాత్రం పది రోజుల నుంచి ఇరవైకి పెంచాను. కొత్త సరుకు మాత్రం ఉన్నవి అమ్ముడయ్యేదాకా తెప్పించలేను, చేతిలో డబ్బు లేదు.

బాబాయ్ ఇప్పుడు 'ది స్టీమ్ హౌస్' తీసుకెళ్లారు. మనవరాలు రాత్రిళ్లు చదివి తెలుగులో చెబుతోందట. మొన్న పేపర్ మడిచి పక్కన పెట్టి, "ఏనుగు బాగానే నడుస్తోందమ్మా, నీళ్లెక్కడ పట్టుకుంటుందా అని చూస్తున్నా," అన్నారు.