వార్షిక నివేదిక: మన వీధి చివరనున్న వెదురు ఆర్గన్

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ బాగా జరిగాయి. కొత్తగా వచ్చిన వైద్య విద్యార్థులకు గదులు వెతికిపెట్టిన సీనియర్లకు ధన్యవాదాలు. జమాఖర్చులు విడిగా పంపాం. మిగతాదంతా ఫిబ్రవరిలో వెళ్లొచ్చిన వెదురు ఆర్గన్ కచేరీ గురించే రాస్తున్నాను. మనలో చాలామంది ఏళ్లుగా ఫిలిప్పీన్స్‌లో, మనీలా పక్కనున్న లాస్ పినాస్‌లో ఉంటూ, రోజూ సెయింట్ జోసెఫ్ చర్చి మీదుగానే జీప్నీలో (ఇక్కడి షేర్ బండిలో) వెళ్తూ, ఒక్కసారైనా లోపల అడుగుపెట్టలేదు.

ఆ చర్చి మేడ మీద ఉన్న ఆర్గన్ అంటే, గొట్టాల్లోకి గాలి పంపి మీటలతో వాయించే పెద్ద వాద్యం. దానిలో 1,031 గొట్టాలు. వాటిలో 902 వెదురువే, 129 మాత్రం లోహానివి. ఈ చర్చి తొలి ఫాదర్, స్పెయిన్ నుంచి వచ్చిన డియేగో సెరా, 1816లో పని మొదలుపెట్టారు. కోయించిన వెదురును సముద్రం ఒడ్డున ఇసుకలో నెలల తరబడి పాతిపెట్టించి, పురుగు పట్టనిదాన్నే వాడారట. అది వినగానే, పాక వాసాలను చెరువులో నానేసే మా తాత కళ్ల ముందు మెదిలాడు. 1821 కల్లా ఆర్గన్ పలికింది. ముందుకు చాచినట్టుండే లోహపు బాకాలు కూడా అమర్చాక 1824లో పూర్తయింది.

తర్వాత భూకంపాలు, తుపానులు వచ్చాయి. చర్చి దెబ్బతింది, గొట్టాలు పాడయ్యాయి, ఆర్గన్ చాలాకాలం సరిగ్గా పలకలేదు. 1973లో దాన్ని విప్పి జర్మనీలోని బాన్ నగరానికి, ఆర్గన్లు తయారుచేసే క్లైస్ కార్ఖానాకు పంపారు. అక్కడి వాతావరణానికి వెదురు పగిలిపోకుండా, ఫిలిప్పీన్స్ వేడి, తేమ ఉండే గదిని దానికోసం సిద్ధం చేశారు. ఇంత శ్రద్ధ పెట్టిన ఆ పనివాళ్లకు చేతులెత్తి మొక్కాలి. 1975లో ఆర్గన్ తిరిగొచ్చింది, మే 9న మళ్లీ కచేరీ జరిగింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఏటా ఉత్సవం చేస్తున్నారు. 2003లో దాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది మరొకటి. ఇక్కడి యువకులే యూరప్ వెళ్లి ఆర్గన్లు తయారుచేసే విద్య నేర్చుకొచ్చి, డియేగో సెరా పేరుతోనే లాస్ పినాస్‌లో కార్ఖానా పెట్టారు. ఇప్పుడు ఈ వెదురు ఆర్గన్ బాగోగులు చూసేది వాళ్లే.

కచేరీలో వెదురు స్వరం మెత్తగా, పిల్లనగ్రోవులన్నీ ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. మధ్యలో వాయించే ఆయన ఒక మీట లాగగానే పిట్టల కిచకిచలు! మన పిల్లలు తలలెత్తి కప్పు కింద పిట్టల కోసం వెతికారు.

వచ్చే ఫిబ్రవరి ఉత్సవానికి రాదలచినవారు జనవరి నెలాఖరులోగా పేర్లు ఇవ్వండి. టికెట్లు అందరికీ కలిపి ఒకేసారి తీసుకుంటాం.

మీ కార్యదర్శి