సోమశిలకు మాల్దీవుల పోలిక ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కృష్ణ ఒడ్డున ఉన్న మా సోమశిలను ‘తెలంగాణ మాల్దీవులు’ అని రాశారు. ఫొటోలు బాగున్నాయి, ఆ పేరే నచ్చలేదు. నేను కొల్లాపూర్ దగ్గర మామిడి రైతును. మాల్దీవులు చూడలేదు గానీ కరీబియన్ సముద్రంలో సేబా అనే దీవిని చూసొచ్చాను. మా అల్లుడు అక్కడి మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. పోలిక తప్పదనుకుంటే దానితో పెట్టండి.

సేబా నెదర్లాండ్స్ పాలనలో ఉంది. మొత్తం 13 చదరపు కిలోమీటర్లు, జనాభా రెండు వేలకు అటూ ఇటూ. ముందు పక్కనున్న సెయింట్ మార్టెన్ దీవిలో దిగాలి. అక్కడి రేవుకు పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలొస్తాయి. పొద్దున దిగిన జనం సాయంత్రానికల్లా మళ్లీ ఓడెక్కుతారు. సేబాకు మాత్రం చిన్న విమానంలో పావుగంట ప్రయాణం. రన్‌వే 400 మీటర్లే, రెండు కొసలా కొండ అంచు, కింద సముద్రం. మా ఆవిడ కళ్లు మూసుకుని ఉమామహేశ్వరుణ్ణి తలుచుకుంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ధైర్యం ఉండి కాదు, టెన్షన్‌తో మెడ తిరగలేదు.

దీవంతా ఒకటే కొండ. శిఖరం దాకా 1,064 మెట్లున్నాయి. నేను సగంలోనే కూర్చుండిపోయాను. చెప్పుకోదగ్గ బీచ్ లేదు, ఏరు లేదు. తెల్ల గోడలు, ఎర్ర కప్పుల ఇళ్లు. కప్పు మీద పడ్డ వాన చుక్క చుక్కా ఇంటి తొట్టిలోకే పోతుంది. ఆ నీళ్లనే పొదుపుగా వాడుకుంటారు. అక్కడి మామిడి సంగతి మాత్రం అడగకండి, మన బేనిషాన్ తిన్న నోటికి అది ఆనదు. ధరలూ ఎక్కువే, దాదాపు ప్రతి సరుకూ ఓడలో రావాలి కదా.

రోడ్డు కథ మాత్రం చెప్పాలి. ఒకప్పుడు సరుకంతా రేవు నుంచి 800 రాతి మెట్ల మీదుగా తలల మీద మోసుకెళ్లేవాళ్లు. ఈ కొండ మీద రోడ్డు కుదరదని నెదర్లాండ్స్ ఇంజినీర్లు తేల్చేశారు. జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఇంజినీరింగ్ నేర్చుకున్నాడు. ఊరివాళ్లతో 1938లో పని మొదలుపెట్టాడు. యంత్రాల్లేవు, అంతా చేతి పనే. 1947లో దీవిలోకి మొదటి మోటారు బండి దిగింది. దేశంలోని డ్యాముల కింద చెమటోడ్చిన పాలమూరు కూలీలకు ఇది కొత్తగా అనిపించదు.

టూరిజాన్నీ అలాగే తమ చేతిలో పెట్టుకున్నారు. 1987లో దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని మెరైన్ పార్కు చేశారు. పడవలు ఇష్టమొచ్చిన చోట లంగరు వేయడానికి లేదు, నీళ్ల మీద తేలేలా ఏర్పాటు చేసిన బోయాలకు కట్టాలి. లంగరు పడితే కింద పగడాలు విరుగుతాయి. నీళ్లలో మునిగి చూసే ప్రతి డైవర్ దగ్గరా ఫీజు తీసుకుంటారు, ఆ డబ్బు పార్కుకే పోతుంది. వచ్చేది తక్కువ మంది, ఊళ్లోని చిన్న చిన్న కాటేజీల్లోనే బస. పెద్ద హోటల్ ఒక్కటీ నా కంటపడలేదు.

ఇప్పుడు మా సంగతికి వస్తాను. సోమశిల వెల్‌నెస్ ప్రాజెక్టుకు కేంద్ర ప్రభుత్వం 68 కోట్లు మంజూరు చేసింది. కృష్ణ మీద సిద్దేశ్వరం వైపు తీగల వంతెన కూడా వస్తోంది. సంతోషమే. కానీ శ్రీశైలం నీళ్ల కింద పొలాలు, ఇళ్లు, చివరికి గుళ్లు కూడా పోగొట్టుకున్న ప్రాంతం ఇది. ముంపు కుటుంబాలకు ఇస్తామన్న 98 జీవో ఉద్యోగాల కోసం అర్జీలు పట్టుకుని తిరిగి ముసలైపోయినవాళ్లు మా ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. కాటేజీల కాంట్రాక్టు హైదరాబాద్ కంపెనీకి, గేటు దగ్గర వాచ్‌మన్ పని మావాళ్లకు అంటే ఎట్లా? ఇప్పటికే ఆదివారం సాయంత్రానికి ఘాటు మెట్ల మీద ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ ప్యాకెట్లు పేరుకుపోతున్నాయి. వంతెన అయ్యాక ఇంకెంత మంది వస్తారో!

అధికారులను మీ పత్రిక తరఫున ఈ ప్రశ్నలు అడగండి. రోజుకు ఎన్ని పడవలకు అనుమతిస్తారు? కాటేజీల మురుగు ఎక్కడికి పోతుంది, కృష్ణలోకేనా? టికెట్ డబ్బులో పంచాయతీకి ఎంత వస్తుంది? చేపలు పట్టుకుని బతికే కుటుంబాల వలలకు ఏ వైపు వదులుతారు? జవాబులు తెలుగులో రాసి సోమశిల, అమరగిరి గ్రామసభల్లో చదివి వినిపించాలి. మామిడి కోతలు ముగిశాక పెడితే మేమంతా వస్తాం.

— ఓ మామిడి రైతు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా